కారులో డీఆర్ఎం మెనూ ఉంది, లీడ్స్ నుంచి డీఏబీ సెట్ వస్తానంటోంది: విజయవాడలో ఏది పలుకుతుంది?

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. ఈమధ్యే కారు మార్చాం. తెర మీద రేడియో నొక్కితే ఎఫ్ఎం, ఏఎం పక్కన డీఆర్ఎం అని ఇంకో మెనూ కనబడుతోంది. అది నొక్కితే కాసేపు గిరగిరా తిరిగి స్టేషన్లు లేవంటోంది. షోరూం అబ్బాయిని అడిగితే "అది ఫారిన్ ఫీచర్ సార్, మన దగ్గర పనిచేయదు" అని తేల్చేశాడు. నిజమేనా?

రెండో సంగతి. లీడ్స్‌లో ఉన్న మా బావమరిది సంక్రాంతికి వస్తూ నాన్నగారికి డీఏబీ ప్లస్ రేడియో తెస్తానంటున్నాడు. చెక్క పెట్టె, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. నాన్నగారికి పొద్దున్నే ఆకాశవాణిలో ప్రాంతీయ వార్తలు పడితేగానీ కాఫీ దిగదు. ఈ సెట్‌లో విజయవాడ కేంద్రం వస్తుందా? తెమ్మనమంటారా, వద్దనమంటారా?

సర్క్యూట్ సుబ్బు (హైదరాబాద్)

షోరూం అబ్బాయి మాట పట్టించుకోకండి. డీఆర్ఎం అంటే డిజిటల్ రేడియో మాండియాల్. 1998లో చైనాలోని గ్వాంగ్‌జౌలో పుట్టిన సంఘం తయారుచేసిన ప్రమాణం, 2003లో అధికారికంగా ప్రసారాలు మొదలయ్యాయి. మీడియం వేవ్‌లో దీన్ని పెద్ద ఎత్తున ఎత్తుకున్న దేశం ఏదైనా ఉందంటే అది మనదే. ఆకాశవాణి 30కి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను డీఆర్ఎంకి తగ్గట్టు పెట్టింది. ఆ జాబితాలో తెలుగువాళ్లవి రెండున్నాయి: హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ (200 కిలోవాట్లు), మీ విజయవాడ 837 (100 కిలోవాట్లు). మారుతీ సుజుకి, హ్యుందాయ్ లాంటి కంపెనీలు కొన్ని మోడళ్లలో డీఆర్ఎం బిగించి అమ్ముతున్నది ఇక్కడి ప్రసారాల కోసమే.

మీరు ఏ నంబరు మీద వెతికారో చెప్పండి. మన దగ్గర ఎక్కువ కేంద్రాలు రెండూ కలిపి పంపిస్తాయి. పాత ఏఎం దాని చోట దానిది, డిజిటల్ ముక్క దానికి 10 కిలోహెర్ట్జ్ పైన. అంటే 837లో మామూలు ఏఎం, 847లో డీఆర్ఎం. హైదరాబాద్ అయితే 738, 748. డీఆర్ఎం మెనూలో 837 కొట్టి కూర్చుంటే ఏమీ రాకపోవచ్చు. 847 మీద ఉంచి ఒక నిమిషం ఆగండి.

ఇంకో విషయం, కారు పార్కింగ్‌లో ఉన్నప్పుడు చూశారా, రోడ్డు మీదా?

లీడ్స్ సీత (ఇంగ్లండ్)

తమ్ముడూ, డీఏబీ సెట్ సంగతి నేను చెప్తాను. వద్దను.

డీఏబీ అంటే ఇక్కడ వాడే డిజిటల్ రేడియో పద్ధతి, అది నడిచేది 174 నుంచి 240 మెగాహెర్ట్జ్ మధ్య. ఒక్కో బ్లాకు వెడల్పు దాదాపు ఒకటిన్నర మెగాహెర్ట్జ్, అందులోనే పదీ పదిహేను స్టేషన్లు కలిపి పంపిస్తారు. ఇండియాలో ఆ బ్యాండ్‌లో రేడియో ప్రసారాలే లేవు. అక్కడ ఉండేవి దూరదర్శన్ వాళ్ల టీవీ చానళ్లు. సెట్ ఆన్ చేసి స్కాన్ పెడితే సున్నా స్టేషన్లు అని చూపిస్తుంది, అంతే. ఎఫ్ఎం మాత్రం పనిచేస్తుంది, రెయిన్‌బో, వివిధభారతి వినొచ్చు. కానీ ఈ సెట్లలో ఏఎం అసలు ఉండదు. మీ నాన్నగారు వినేది మీడియం వేవ్ కదా, ఆయనకి ఆ చెక్క పెట్టె చూసుకోవడానికే.

ఇంగ్లండ్‌లోనే ఈ సెట్లతో మాకు తిప్పలు తక్కువేం లేవు. బీబీసీ 1995లో డీఏబీ మొదలుపెట్టినప్పుడు ఎంపీ2 అనే పాత పద్ధతిలో శబ్దాన్ని కుదించేవాళ్లు. 2002లో 99 పౌండ్లకి ఒక సెట్ వచ్చాక జనం ఎగబడి కొన్నారు. తీరా 2007లో డీఏబీ ప్లస్ ప్రమాణం వచ్చింది. దాంట్లో కోడెక్ (శబ్దాన్ని కుదించి విప్పే పద్ధతి) వేరు, అదే చోటులో రెట్టింపు పైగా స్టేషన్లు పడతాయి. కానీ అప్పటికే లక్షల ఇళ్లలో పాత సెట్లున్నాయి. వాటికి డీఏబీ ప్లస్ వినబడదు. అందుకే మొదట తొందరపడ్డ ఇంగ్లండ్ ఏళ్ల తరబడి పాత పద్ధతిలోనే ఉండిపోయింది, ఆలస్యంగా 2009లో మొదలుపెట్టిన ఆస్ట్రేలియా నేరుగా డీఏబీ ప్లస్‌లోకి వెళ్లింది. ఇప్పుడు ఇక్కడా స్టేషన్లు ఒక్కొక్కటిగా మారుతున్నాయి. మా పక్కింటి పెద్దావిడ వంటింట్లో సెట్ మళ్లీ స్కాన్ చేసినప్పుడల్లా జాబితా చిన్నదైపోతోంది. రేడియో పాడైందని ఆవిడ గొడవ. పాడవలేదు, దానికి కొత్త కోడెక్ రాదు, అంతే. కొన్ని మోడళ్లకి యూఎస్‌బీ ద్వారా సాఫ్ట్‌వేర్ ఎక్కించే వీలుండేది, ఆవిడ దానికి లేదు.

కృష్ణాతీరం (విజయవాడ)

సీతక్కా, సుబ్బు గారూ, థాంక్స్. కారు చూసింది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. 847 సంగతి తెలీదు, ఆటో స్కాన్ మాత్రమే కొట్టాను. రేపు బయటికి తీసుకెళ్లి చూస్తా.

ఒక డౌట్. ఏఎం, ఎఫ్ఎం ప్రపంచమంతా ఒకటే కదా. మరి డిజిటల్ వచ్చేసరికి దేశానికొకటి ఎందుకైంది?

మీడియంవేవ్ మావయ్య (తెనాలి)

ఏఎం, ఎఫ్ఎం ప్రపంచమంతా ఒకటే అని ఎవరు చెప్పారు నాయనా! చిన్న చిన్న తేడాలు అప్పుడూ ఉండేవి. అమెరికాలో ఏఎం స్టేషన్లకి 10 కిలోహెర్ట్జ్ దూరం, మనకి 9. మావాడు న్యూజెర్సీ నుంచి డిజిటల్ నంబర్లు పడే టేప్‌రికార్డర్ తెచ్చాడు. అది 830, 840 అని ఎగురుతుంది తప్ప 837 మీద ఆగదు. హైదరాబాద్ 738 కూడా అంతే. విచిత్రంగా కడప మాత్రం చక్కగా వచ్చేది, ఎందుకంటే కడపది 900, అటు తొమ్మిదితోనూ ఇటు పదితోనూ పోతుంది! కొన్ని సెట్లకి వెనకాల బ్యాటరీల దగ్గర 9/10 స్విచ్ ఉంటుంది. మావాడి దానికి లేదు.

అయితే ఆ తేడాలు సర్దుకుపోయే రకం. ముల్లు తిప్పే సెట్ అయితే అసలు సమస్యే లేదు. డిజిటల్‌లో సర్దుకుపోవడం ఉండదు, అర్థమైతే పూర్తిగా వస్తుంది, లేకపోతే నోరు విప్పదు.

వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో గుర్తుందా ఎవరికైనా? 2000లో ఆసియాస్టార్ ఉపగ్రహం ఎక్కించారు. అరచేతంత పలకలాంటి యాంటెన్నా, దాన్ని కిటికీలో ఆకాశం వైపు తిప్పి పెట్టాలి. చందా కడితే తెలుగుకి స్పందన అని ప్రత్యేకంగా చానల్. రాత్రిళ్లు పాత పాటలు ఎంత శుభ్రంగా వచ్చేవో! 2008లో కంపెనీ దివాలా తీసింది, 2009 డిసెంబరు 31తో ఇండియాలో సర్వీసు ఆగిపోయింది. ఆ సెట్ ఇప్పటికీ బీరువా మీదుంది. దానికి ఇంకో స్టేషన్ పట్టడం చేతకాదు, ఎందుకంటే ఆ పద్ధతిలో ప్రసారం చేసేవాళ్లు లోకంలో వాళ్లొక్కరే. అదే వయసున్న నా ఫిలిప్స్ ట్రాన్సిస్టర్ రోజూ పలుకుతోంది.

అందుకే ఏ సెట్ కొనాలన్నా నేను మొదట అడిగేది, ఈ ప్రమాణం ఎవరి సొంతం అని.

డాలస్ రవి (టెక్సస్)

మావయ్య గారి లెక్కన అయితే అమెరికాలో మేం వాడే డిజిటల్ పద్ధతి, హెచ్‌డీ రేడియో, పనికిరానిదే అవ్వాలి. అది పూర్తిగా ఒక కంపెనీ సొత్తు. ఐబిక్విటీ అనే సంస్థ తయారుచేసింది, 2002లో ఇక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఒప్పుకుంది, చేతులు మారి ఇప్పుడు ఎక్స్‌పెరీ దగ్గరుంది. కోడెక్ కూడా వాళ్ల సొంతమే. అయినా ఇక్కడ కోట్ల కార్లలో ఉంది. డీఆర్ఎం ఓపెన్ స్టాండర్డే, ఒప్పుకుంటా. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక్క కొట్లోనైనా డీఆర్ఎం సెట్ దొరుకుతుందా చెప్పండి.

హెచ్‌డీ రేడియోలో నాకు నచ్చేది ఒకటే. ఉన్న ఎఫ్ఎం స్టేషన్ అలాగే ఉంటుంది, దాని రెండు పక్కలా డిజిటల్ కూర్చుంటుంది. పాత రేడియో ఉన్నవాడికి పాతదే వినిపిస్తుంది. కొత్తది ఉన్నవాడికి రెండు మూడు సెకన్లు ఎఫ్ఎం వచ్చి, తర్వాత చప్పుడు లేకుండా డిజిటల్‌కి మారుతుంది. సిగ్నల్ పోతే మళ్లీ ఎఫ్ఎంకి జారుతుంది. ఇలా జారడానికి స్టేషన్ వాళ్లు ఎఫ్ఎం ధ్వనిని దాదాపు 8 సెకన్లు ఆపి పంపాలి. ఆ లెక్క కొంచెం తప్పినా ఫ్లైఓవర్ కింద దూరినప్పుడల్లా పాటలో ఒక ముక్క రెండుసార్లు వినబడుతుంది. బేస్‌బాల్ గ్రౌండ్‌లో రేడియో చెవిలో పెట్టుకుని కూర్చునేవాళ్లకి ఆ 8 సెకన్లు నరకం, బంతి కొట్టాక ఎప్పటికో కామెంటరీ వస్తుంది. అందుకే కొన్ని స్టేషన్లు మ్యాచ్ ఉన్నంతసేపు డిజిటల్ ఆపేస్తాయి.

ఫోనుంటేచాలు (గచ్చిబౌలి)

క్షమించాలి, మధ్యలో దూరుతున్నా. ఆకాశవాణి వాళ్ల యాప్ ఉంది. విజయవాడ, హైదరాబాద్, కడప, విశాఖ అన్నీ అందులోనే వస్తాయి. ఈ 847లు, కోడెక్‌లు, యాంటెన్నాలు ఎందుకండీ ఈ కాలంలో?

మీడియంవేవ్ మావయ్య (తెనాలి)

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా అమ్మాయి వాళ్లు విశాఖలో ఉన్నారు. కరెంటు లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు, ఎవరు ఎలా ఉన్నారో తెలీదు. మూడో అంతస్తులో ఎవరిదో పాత ట్రాన్సిస్టర్ ఉంటే మెట్ల మీద అందరూ చేరి విన్నారట. నీ యాప్ ఆ రోజు ఏం చేస్తుంది బాబూ?

ఫోనుంటేచాలు (గచ్చిబౌలి)

అది సరే మావయ్య గారూ, కానీ ఆ రోజు పలికింది డిజిటల్ సెట్ కాదుగా, పాత ఏఎం సెట్టే. నా పాయింట్ కూడా అదే. తుఫాన్‌కి ట్రాన్సిస్టర్ చాలు, పాటలకి ఫోన్ చాలు. మధ్యలో డిజిటల్ రేడియో ఎవరికి?

సర్క్యూట్ సుబ్బు (హైదరాబాద్)

మంచి ప్రశ్నే. డీఆర్ఎంలో ఎమర్జెన్సీ వార్నింగ్ అని ఒక ఏర్పాటుంది. మీరు ఏ డీఆర్ఎం స్టేషన్ వింటున్నా హెచ్చరిక రాగానే సెట్ దానంతట అదే ఆ చానల్‌కి మారుతుంది, తెర మీద వివిధ భాషల్లో వివరం పడుతుంది. నెట్‌తో పనిలేదు. తీర ప్రాంతానికి ఇది నిజంగా పనికొచ్చేదే. తమాషా ఏంటంటే పైన చెప్పిన జాబితాలో విశాఖ 927 లేదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. డిజిటల్ సెట్ లోపల జరిగే లెక్కలు ఎక్కువ, బ్యాటరీ గటగటా తాగుతుంది. మావయ్య గారి ఫిలిప్స్ రెండు సెల్స్‌తో నెలలు లాగుతుంది. డీఆర్ఎం సెట్‌ని అలా వదిలితే కొద్ది గంటల్లోనే చార్జింగ్ అడుగుతుంది. కరెంటు లేని రోజు అది చిన్న లోపం కాదు.

ఎవరికి అన్న ప్రశ్నకి ట్రాన్స్‌మిటర్ వైపు నుంచీ ఒక జవాబుంది. 100 కిలోవాట్ల ఏఎంలో కరెంటులో ఎక్కువ భాగం మంచులా కరిగేది క్యారియర్‌కే (మాటను మోసే ఖాళీ తరంగం), అందులో మాట ఉండదు, పాట ఉండదు. పూర్తిగా డిజిటల్‌కి మారితే అంతకంటే చాలా తక్కువ పవర్‌తో అదే మేర కవర్ చేయొచ్చు. కానీ పూర్తిగా మారాలంటే జనం దగ్గర సెట్లుండాలి. సెట్లు లేవు కాబట్టి రెండూ కలిపి పంపుతున్నారు. రెండూ కలిపి పంపినప్పుడు డిజిటల్ ముక్కకి దక్కే పవర్ తక్కువ, కాబట్టి డిజిటల్ అంత దూరం పోదు. దూరం పోదు కాబట్టి ఎవరూ సెట్ కొనరు. ఇక్కడే తిరుగుతున్నాం ఏళ్ల తరబడి.

డ్రీమ్ డీకోడర్ (వరంగల్)

సెట్ కొనకుండానే వినే దారి ఒకటుంది, ఎవరూ చెప్పలేదేంటి! ఆర్టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న రేడియో రిసీవర్), ఒక ల్యాప్‌టాప్, డ్రీమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. డ్రీమ్ జర్మనీలో డార్మ్‌స్టాట్ టెక్నికల్ యూనివర్సిటీలో పుట్టింది. మామూలు డాంగిల్ 24 మెగాహెర్ట్జ్ కింద పట్టదు కాబట్టి డైరెక్ట్ శాంప్లింగ్ (ఆ కింది ఫ్రీక్వెన్సీలని నేరుగా పట్టే ఏర్పాటు) ఉన్నది చూసి తీసుకోవాలి. మా మేడ మీద పది మీటర్ల వైరు కట్టి హైదరాబాద్ 748 పట్టాను.

డ్రీమ్ కిటికీలో చిన్న దీపాలు వరుసగా ఉంటాయి. కింద నుంచి చూస్తే ముందు సింక్ పచ్చబడుతుంది. తర్వాత ఎఫ్ఏసీ, అంటే ఈ ప్రసారం వెడల్పు ఎంత, ఏ మోడ్ అన్న ప్రాథమిక సమాచారం. తర్వాత ఎస్‌డీసీ, అంటే ఏ కోడెక్, స్టేషన్ పేరేంటి అన్నది. చివరికి ఎంఎస్‌సీ, అసలు శబ్దం. మూడు పచ్చగా ఉండి ఎంఎస్‌సీ మాత్రం ఎర్రగా ఊగుతోందంటే స్టేషన్ పేరు తెర మీద కనబడుతుంది కానీ మాట రాదు. నా దగ్గర మొదట్లో అదే. పేరు చూస్తూ కూర్చునేవాణ్ని. పక్క గదిలో ఇన్వర్టర్ కట్టేస్తే ఎంఎస్‌సీ పచ్చబడింది, లోపల ఎవరో వ్యవసాయం గురించి మాట్లాడుతున్నారు! ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు మీడియం వేవ్‌కి శత్రువులు. ఏఎంలో అయితే గరగరలోనే మాట తెలుస్తుంది, ఇక్కడ ఆ గరగర ఒక హద్దు దాటగానే మొత్తం మూగ.

దీపాలన్నీ పచ్చగా ఉన్నా మాట రాని కేసు ఇంకోటుంది. అది కోడెక్ గొడవ. డీఆర్ఎంలో మొదట వాడింది హెచ్‌ఈ ఏఏసీ. తర్వాత ఎక్స్‌హెచ్‌ఈ ఏఏసీ వచ్చింది. తక్కువ బిట్లలోనే మాటా పాటా రెండూ బాగా ఇస్తుంది. మీడియం వేవ్‌లో 10 కిలోహెర్ట్జ్ చోటులో పట్టేది మహా అయితే పాతిక ముప్పై కిలోబిట్లు, కాబట్టి అది పెద్ద వరమే. కానీ ఆ కోడెక్ రాకముందు అమ్మిన సెట్లకి అది తెలీదు. కవరు మీద అడ్రసు చదవగలిగి లోపలి ఉత్తరం భాష రానివాడి పరిస్థితి. పాత సెట్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని ఎగిరి గంతేయకండి, ఎక్స్‌హెచ్‌ఈ ఏఏసీ ఉందా అని ముందు అడగండి. డ్రీమ్‌కి కూడా దానికి తగ్గ లైబ్రరీ ఉన్న కొత్త వెర్షన్ కావాలి.

లీడ్స్ సీత (ఇంగ్లండ్)

చూశారా, డీఏబీలో జరిగిందే డీఆర్ఎంలోనూ జరిగింది. ప్రమాణం పేరు అదే, లోపల కోడెక్ మారింది, పాత సెట్ వీధిన పడింది. పెట్టె మీద పేరు చూసి కొనేవాడికి ఇదెలా తెలుస్తుంది?

కార్ల విషయంలో యూరప్ వాళ్లు చట్టం తెచ్చారు. 2020 డిసెంబరు 21 తర్వాత ఈయూలో అమ్మే కొత్త కారులో రేడియో ఉంటే అది టవర్ల నుంచి వచ్చే డిజిటల్ భూతల ప్రసారాన్ని కూడా పట్టి తీరాలి. నార్వే అంతకుముందే, 2017లో జాతీయ స్టేషన్ల ఎఫ్ఎం ఆపేసింది, జనవరిలో ఉత్తరాన నార్డ్‌లాండ్‌తో మొదలుపెట్టి డిసెంబరుకి దేశమంతా. స్థానిక స్టేషన్లు మాత్రం ఎఫ్ఎంలోనే ఉన్నాయి. అప్పుడు డీఏబీ లేని కారున్నవాళ్లు అడాప్టర్ కొనుక్కోవాల్సి వచ్చింది. అద్దానికి అంటించే యాంటెన్నా, అది డీఏబీ పట్టి కారు ఎఫ్ఎంకి తిరిగి పంపిస్తుంది. స్విస్ ప్రభుత్వ రేడియో 2024 డిసెంబరు 31న ఎఫ్ఎం ఆపింది, శ్రోతలు తగ్గారు. ఎఫ్ఎం ఆపేస్తే అందరూ డిజిటల్‌కి వస్తారనుకోవడం అమాయకత్వం. కొందరు వస్తారు, కొందరు వినడమే మానేస్తారు.

డాలస్ రవి (టెక్సస్)

కారు రేడియో గురించి మాట వచ్చింది కాబట్టి సియాటిల్ కథ చెప్పాలి. 2022 జనవరి చివర్లో అక్కడ కొన్ని 2014–17 మాజ్డా కార్లలో రేడియో 94.9 మీద బిగుసుకుపోయింది. అది కేయూఓడబ్ల్యూ అనే పబ్లిక్ రేడియో. స్టేషన్ మార్చడానికి లేదు, తెర ఆరుతూ వెలుగుతూ అదే పనిగా రీస్టార్ట్. కారణం ఏంటో తెలుసా? హెచ్‌డీ రేడియోలో పాటతో పాటు చిన్న బొమ్మ కూడా పంపొచ్చు. స్టేషన్ నుంచి వెళ్లిన బొమ్మ ఫైల్ పేరుకి చివర ఉండాల్సిన ఎక్స్‌టెన్షన్ లేదట. మిగతా కంపెనీల రేడియోలు దాన్ని పట్టించుకోలేదు. ఈ కార్లలో సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని మింగలేక చచ్చింది. చివరికి కంపెనీ ఆ యూనిట్లు ఉచితంగా మార్చింది.

కాబట్టి కంపాటిబిలిటీ అంటే స్టాండర్డ్ పుస్తకంలో ఉన్నది ఒక్కటే కాదు. రెండు వైపులా పుస్తకం ప్రకారమే కట్టామనుకున్నా ఇలాంటివి బయటపడతాయి.

సర్క్యూట్ సుబ్బు (హైదరాబాద్)

రవీ, ఆ బొమ్మ కథ బావుంది కానీ బీసెంట్ రోడ్డు ప్రశ్నకి జవాబివ్వకుండా వదలను. నిజమే, కొట్లలో సెట్లు లేవు. ఏవియన్ వాళ్లు మన దేశంలోనే ఒకటి తయారుచేశారు, చైనా గోస్పెల్ కంపెనీవి ఉన్నాయి, ధరలు మాత్రం మామూలు ట్రాన్సిస్టర్ కొనేవాడు దగ్గరికి రాలేనంత. ఉన్నవన్నీ కార్లలోనే. కారున్నవాడికి డీఆర్ఎం ఉందని షోరూంలో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అసలు గొడవ మీడియం వేవ్‌లో కాదు, ఎఫ్ఎం బ్యాండ్‌లో. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 సెప్టెంబరు 30న ప్రైవేటు డిజిటల్ రేడియో మీద చర్చాపత్రం వేసింది, 2025 అక్టోబరు 3న సిఫార్సులు ఇచ్చింది. 88–108 బ్యాండ్‌లో దేశమంతటికీ ఒకే డిజిటల్ ప్రమాణం ఉండాలి అంది. ఏది అన్నది మాత్రం ప్రభుత్వానికే వదిలేసింది. ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఒక మామూలు ఎఫ్ఎం, మూడు డిజిటల్ చానళ్లు, ఒక డేటా చానల్. మొదట 13 నగరాలు, అందులో హైదరాబాద్ ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు.

పోటీలో ఉన్నవి డీఆర్ఎం, హెచ్‌డీ రేడియో. డీఆర్ఎంకి ఎఫ్ఎం బ్యాండ్‌లో 96 కిలోహెర్ట్జ్ చాలు. ఆకాశవాణి 2021లో ఢిల్లీలో 100.1 మెగాహెర్ట్జ్ మీద చేసి చూపించింది. మన నగరాల్లో ప్రైవేటు ఎఫ్ఎంల మధ్య 800 కిలోహెర్ట్జ్ ఖాళీ ఉంటుంది కాబట్టి రెంటిలో ఏదైనా పడుతుంది, చోటు సమస్య కాదు.

నా ఓటు డీఆర్ఎంకే. మీడియం వేవ్‌కి ఒకటి, ఎఫ్ఎంకి ఇంకోటి అంటే సెట్‌లో రెండు ప్రమాణాలు మోయాలి, రెండు లైసెన్సులు.

డాలస్ రవి (టెక్సస్)

రెండూ మోసే చిప్‌లు వస్తున్నాయి సుబ్బు గారూ, డీఏబీ, డీఆర్ఎం, హెచ్‌డీ అన్నీ సాఫ్ట్‌వేర్‌లోనే. చిప్ ధరలో తేడా పెద్దగా ఉండదు, లైసెన్స్ డబ్బులే తేడా. నేను అడిగేది ఒకటే, ఎంచుకున్నాక ఫోన్‌లో వస్తుందా? 2023లో ఫోన్లలో మామూలు ఎఫ్ఎం కూడా కట్టేయొద్దని కంపెనీలకి కేంద్రం చెప్పుకోవాల్సి వచ్చింది. ఉన్న ఎఫ్ఎంనే పీకేస్తున్నవాళ్లు డిజిటల్ రేడియో ఎందుకు పెడతారు?

సర్క్యూట్ సుబ్బు (హైదరాబాద్)

దానికి నా దగ్గర జవాబు లేదు. కారులోనే బతుకుతుందేమో ఇది.

వేదిక నిర్వాహకుడు

హెచ్‌డీ వర్సెస్ డీఆర్ఎం ఓటింగ్ కోసం వేరే చర్చ తెరిచాం, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ కృష్ణాతీరం గారి కారు ఏమైందో ముందు తేలనివ్వండి.

కృష్ణాతీరం (విజయవాడ)

తేలింది! మావయ్య గారికి ప్రైవేట్ మెసేజ్ పెడితే మంచి చిట్కా చెప్పారు. ఇంట్లో నాన్నగారి ట్రాన్సిస్టర్ 837 మీద పెట్టి ముల్లుని కొంచెం పైకి జరపమన్నారు. జరిపితే మాట పోయి స్స్‌మని ఒకటే బుస, స్టేషన్ల మధ్య ఖాళీలో వినబడే గరగరలా కాకుండా గట్టిగా, సమంగా. అదే డిజిటల్ ప్రసారం, అది వినబడుతున్నప్పుడే కారులో చూడు అన్నారు.

సాయంత్రం కారు తీసుకుని గన్నవరం రోడ్డెక్కా. డీఆర్ఎంలో 847 కొట్టి ఆగా. ఊళ్లో హైటెన్షన్ వైర్ల కింద పేరు కూడా రాలేదు. ఊరు దాటాక ముందు పేరు పడింది, ఒక అర నిమిషానికి శబ్దం. ఏఎంలో విని విని ఉన్న కేంద్రం అసలు గరగర లేకుండా, వీణ తీగ మీద వేలు జారడం కూడా వినబడింది. వెనకసీట్లో నాన్నగారు "ఇది టేపా?" అని అడిగారు. ఫ్లైఓవర్ కింద మాత్రం మాట మధ్యలో కోసినట్టు ఆగిపోయింది. మళ్లీ సెల్లార్‌లోకి దిగితే స్టేషన్లు లేవు.

నాన్నగారి ఫిర్యాదు ఒకటే. వార్తల ముందు వచ్చే టైం సిగ్నల్ ఆయన పాకెట్ ట్రాన్సిస్టర్‌లో ముందు, కారులో తర్వాత వచ్చింది. "మీ డిజిటల్ లేటు" అంటున్నారు. నిజంగా లేటేనా, కారు లోపమా?

డ్రీమ్ డీకోడర్ (వరంగల్)

లోపం కాదు. డీఆర్ఎంలో ధ్వనిని ముక్కలు చేసి, కాలంలో అటూ ఇటూ చెదరగొట్టి పంపిస్తారు, మధ్యలో క్షణంపాటు సిగ్నల్ పడిపోయినా తిరిగి అతికించుకోవడానికి. మీడియం వేవ్‌లో ఆ చెదరగొట్టడం 2 సెకన్ల దాకా ఉండొచ్చు. అటువైపు కుదించడం, ఇటువైపు విప్పడం కలిపితే ఇంకా పెరుగుతుంది. డీఏబీలోనూ ఇంతే, ఫోన్ యాప్‌లో అయితే ఇంకా ఘోరం. వాచీ సరిచేసుకోవడానికి మాత్రం ఆయన ట్రాన్సిస్టరే కరెక్ట్.

లీడ్స్ సీత (ఇంగ్లండ్)

మరి బావమరిదికి ఏం చెప్పావు?

కృష్ణాతీరం (విజయవాడ)

డీఏబీ పెట్టె వద్దన్నాను. మీడియం వేవ్, షార్ట్ వేవ్ ఉన్న మంచి సెట్ ఏదైనా ఉంటే తెమ్మన్నా, వెనకాల 9/10 స్విచ్ ఉందో లేదో ఫొటో తీసి పంపమన్నా.

రాయలసీమ రేడియో (కడప)

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మా కారులోనూ డీఆర్ఎం ఉంది. కడప 900 ఉంది కదా, మరి 910 మీద ఏమైనా వస్తుందా?

సర్క్యూట్ సుబ్బు (హైదరాబాద్)

కడప ఆ జాబితాలో లేదండీ, 900లో మామూలు ఏఎం ఒక్కటే. మీరు రాత్రి పూట 748, 847 రెండూ చూడండి, చీకటి పడ్డాక మీడియం వేవ్ దూరం పోతుంది. బెంగళూరు 612 కూడా ఈ జాబితాలోదే, దానికి 622. ఏది పేరు వరకు వచ్చిందో, ఏది మాట వరకు వచ్చిందో ఇక్కడ రాయండి. సెల్లార్‌లో మాత్రం చూడకండి.